ఈగకు తగ్గ ఇల్లు

ఇరవై ఏళ్ళ పైబడి కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఈ ఇరవై ఏళ్ళలోనూ నా తరగతిలో ఝంకారం చేసిన తుమ్మెదలకు లెక్కలేదు. మధుపమన్నాను, షట్పదమన్నాను. భ్రమర శబ్దంలో రెండు రేఫలున్నాయి కనక ద్విరేఫమన్నారని విప్పి చెప్పి, మరిచిపోతారేమోనని పిల్లలచేత రెండుసార్లు వ్రాయించాను. ఇంతా చేసి, తేనె కూడబెట్టే ఆ ఆరు కాళ్ళ ప్రాణి ఎంత ఇంట్లో సుఖంగా వుంటుందో నలభై దాటేదాకా నాకు తెలియదు. తెలుసుకునేందుకు ఒక పెట్టె వెలా, ఒక పట్టు ఈగలూ పోగొట్టుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మా కళాశాలలో నాకు కొత్త పేరు వచ్చింది. వ్యాకరణ సందేహం అడిగేవాళ్ళు తగ్గి, “తేనెటీగలు పెంచుతున్నారటగా, మేమూ పెడదామనుకుంటున్నాం, ఏ పెట్టె కొనమంటారు?” అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పెట్టె మాట తరవాత, ఈగ ఏదో ముందు చెప్పండి అంటాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చూశాను.

మన వైపు తేనె పెట్టే ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు. కొండ తేనెటీగ వుంది. ఒంట్లో పెద్దది, కోపంలో అంతకంటె పెద్దది. మర్రికొమ్మకో, నీళ్ళ టాంకు అడుగునో చాటంత పట్టు ఒక్కటే వేలాడదీస్తుంది. దీన్ని పెట్టెలో పెట్టాలనుకోవడం గోదావరిని బిందెలో పెట్టాలనుకోవడమే. రెండోది చిన్న తేనెటీగ. కంపల్లో, కంచెల్లో అరచెయ్యంత పట్టు పెడుతుంది. ఇదీ అంతే, ఆరుబయట ఒకటే పట్టు. పెట్టెలో వుండదు. మూడోది మన పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రలోనో, పాముపుట్టలోనో, పాతగోడ సందులోనో చీకటి చూసుకుని, ఒకదాని పక్కన ఒకటి వరసగా పట్లు కడుతుంది. తేనెపెట్టె అంటే మరేమీ కాదు, మనిషి చేసిన తొర్ర. కనక దీనికి పెట్టె సరిపడుతుంది. నాలుగోది ఐరోపా ఈగ, ఇటాలియన్ ఈగ అంటారు. ఇదీ తొర్ర ప్రాణే. ఎన్నోమార్లు తెచ్చి విఫలమైన మీదట, 1962లో నగరోటా అనే చోట మన దేశంలో నిలదొక్కుకుంది. అప్పుడది పంజాబు, ఇప్పుడు హిమాచల ప్రదేశ్.

అంటే పెంపకానికి పనికివచ్చేవి రెండే. ఈ రెంటికీ ఒంటి కొలతలు వేరు, సంసారం కొలతలు వేరు, స్వభావాలు వేరు. పెట్టె ఎంచుకోవడం ఇక్కడే మొదలు కావాలి. నేనిక్కడ మొదలుపెట్టలేదు. బొమ్మల దగ్గర మొదలుపెట్టాను.

2021 చివర్లో మా పెద్దమ్మాయి తన ఫోనులో ఒక వింత చూపించింది. ఆస్ట్రేలియాలో ఆండర్సన్ అనే తండ్రీ కొడుకులు కనిపెట్టి, 2015లో లోకానికి చూపించిన పెట్టె అది. తాళంచెవి లాంటిది తిప్పితే చాలు, గొట్టం వెంట తేనె ధారగా సీసాలోకి దిగుతుంది. ఈగలు లోపల వాటి పని అవి చేసుకుంటూనే వుంటాయి. నేను చూసి పరవశించిపోయాను. మా ఆవిడ వెల చూసింది.

“కుళాయి తిప్పితే తేనె వస్తుందా? మన వీధి కుళాయి తిప్పితే నీళ్ళే రావడం లేదు” అని కూరగాయల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఆ మాట డబ్బు లెక్కన అన్నా, ఈగ లెక్కనా సరిపోయింది. ఆ పెట్టెలో పట్ల అరలు ఐరోపా ఈగ ఒంటికి కొలిచి చేసినవి. మన ఈగ దానికంటె చిన్నది.

మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. తేనెటీగలన్న మాట వినగానే చేతిలో చిక్కుడుకాయలు పళ్ళెంలో పడేసి లోపలికి వెళ్ళింది. అమ్మకి భయమనుకున్నాను.

మాది కోనసీమ. అమలాపురానికి దగ్గర పల్లె. నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు, వెనక పాతిక కొబ్బరిచెట్లు, ఒక పనస, రెండు మునగలు. కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది కనక ఈగకు మేత కరువు తక్కువ. చోటు బాగుంది. పెట్టె కావాలి. ఒక దుకాణం వారికి ఫోను చేశాను. ఆ దుకాణం పేరెందుకు గాని, ఆయన మాట తేనెలాగే వుంది. “పది చట్రాల పెద్ద పెట్టె తీసుకోండి సార్. ఏ ఈగైనా వుంటుంది. పెట్టె పెద్దదైతే తేనె ఎక్కువ” అన్నాడు. తార్కికంగా తోచింది. గిన్నె పెద్దదైతే పాయసం ఎక్కువ పట్టదూ?

వచ్చింది లాంగ్‌స్ట్రాత్ పెట్టె. అందంగా, తెల్లరంగు వేసి, చిన్న ట్రంకుపెట్టెలా వుంది. మా దింపు తాతను పిలిచాను. ఆయన యాభై ఏళ్ళుగా కొబ్బరిచెట్లెక్కుతున్న మనిషి. ఏ తొర్రలో ఏ పట్టుందో ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, “ఆయ్, ఇంతది ఎందుకండీ మేష్టారూ? కొత్తగా పెళ్ళయినోళ్ళని సత్రంలో కాపరం పెట్టినట్టుందండి” అన్నాడు. నేను దుకాణదారు తర్కం ఆయనకు వినిపించాను. మేష్టారు చెప్పాడు కదా అని ఊరుకున్నాడు పాపం.

2022 జనవరిలో ఒక పాత తాటిమొద్దులోంచి పుట్ట తేనెటీగల పట్టు తెచ్చి అందులో పెట్టాం. మొదటి పదిహేను రోజులూ నేను కళాశాల నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా పెట్టె దగ్గరికే వెళ్ళేవాణ్ణి. ఈగలు ఒక మూల మూడు చట్రాలమీద ముద్దగా వుండేవి. తతిమ్మా ఏడూ ఖాళీ. నిండుతాయిలే అనుకున్నాను. ఫిబ్రవరి చివర అంచు పట్టుమీద సాలెగూడు లాంటి తెల్లటి దారాలు కనిపించాయి. అది మైనపు చిమ్మెట. దాని పురుగు పట్టును తొలుచుకుంటూ పోతుంది. మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న పదిగంటల వేళ పెట్టె ముందు మేఘం లేచినట్లు లేచాయి. కాస్సేపు పనసచెట్టు చుట్టూ తిరిగి, పడమటగా కాలవ దాటి వెళ్ళిపోయాయి. నేను అరుగుమీద నిలబడి చూస్తూనే వున్నాను. పెట్టె మూత తీస్తే ఖాళీ పట్లూ, పురుగులూ మిగిలాయి.

ఎందుకు పోయాయో తరవాత లెక్క వేశాను. ముందు వెయ్యవలసిన లెక్క అది. ఈగ పిల్లలు పెరగడానికి పట్టు దగ్గర 34, 35 డిగ్రీల వేడి నిలకడగా వుండాలి. ఈగలు పట్టుమీద ఒళ్ళు కప్పి ఆ వేడి కాపాడతాయి. వేడెక్కువైతే రెక్కలతో విసురుతాయి. కప్పలేనంత పట్టూ, కాయలేనంత గదీ వుంటే చలికీ చిమ్మెటకూ తలుపు తీసినట్టే. లాంగ్‌స్ట్రాత్ చట్రం సుమారు పదిహేడున్నర అంగుళాల పొడుగు, తొమ్మిదంగుళాల పైచిలుకు లోతు. అలాంటివి పది. మన ఈగకు వాడే న్యూటన్ పెట్టె చట్రం 8¼ అంగుళాలకు 5¾. అలాంటివి ఏడు. గుణించి చూసుకోండి, ఒకటి మరొకదానికి దాదాపు అయిదింతలు. దింపు తాత చెప్పిన సత్రం పోలిక అక్షరాలా నిజం. పైగా మన ఈగకు పౌరుషం ఎక్కువ. మేత తగ్గినా, చీమ పట్టినా, మాటిమాటికీ మూత తీసి చూసినా ఇల్లు విడిచి పోతుంది. ఐరోపా ఈగ ఆ విషయంలో ఓర్పరి. అది పెద్ద సంసారం, పెద్ద ఇంట్లో నిండుగా వుంటుంది. దానికి లాంగ్‌స్ట్రాత్ పెట్టె సరిగ్గా సరిపోతుంది. తప్పు పెట్టెది కాదు.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ, “మీ నాన్నగారి పెట్టెలు ఇందులో సగం కూడా వుండేవి కావురా” అంది.

ముప్పై ఏళ్ళలో అమ్మ ఆ పెట్టెల మాట ఎత్తడం అదే మొదలు. నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. నా చిన్నతనంలో పెరట్లో రెండు తేనెపెట్టెలుండేవి. నాకు పన్నెండేళ్ళప్పుడు అవి లేకుండా పోయాయి. పిల్లవాణ్ణి, ఎందుకని అడగలేదు. ఇప్పుడు అమ్మ చెప్పింది. 1991, 92లలో థాయి తిత్తి జబ్బు అనే అంటురోగం వచ్చి, కేరళలోనూ తమిళనాడులోనూ వేలకు వేలు పెట్టెలు ఖాళీ చేసింది. మన ఈగకే వచ్చే వైరస్ జబ్బు అది. పిల్లపురుగు ఈగగా మారకుండా, నీటితిత్తిలా ఉబ్బి అరలోనే చనిపోతుంది. మా పెట్టెలకూ ఆ లక్షణాలే వచ్చాయట. నాన్నగారు బడి నుంచి వచ్చి, లాంతరు పెట్టుకుని, చచ్చిన పురుగుల్ని ఒక్కొక్కటిగా పుల్లతో తీసి పారేసేవారట. పది రాత్రులు తీశారట. పదకొండో రోజున ఒక పెట్టె కాల్చి, రెండోది కడిగి ఎండబెట్టి అటకెక్కించారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. 2018లో ఆయన పోయేదాకా కూడా ఎత్తలేదు.

“ఇంకోసారి ఆ ఖాళీ పెట్టె చూడలేననుకున్నాను. ఇవాళ చూడనే చూశాను. ఇంకేం భయం? అటక మీదది దింపు” అంది అమ్మ.

దింపాం. అడుగు పలక చెదలు తినేసింది. గోడలు మిగిలాయి, నాలుగు చట్రాలు మిగిలాయి. అచ్చమైన న్యూటన్ పెట్టె. తిరుచిరాపల్లి సెయింట్ జోసఫ్ కళాశాలలో వుండిన న్యూటన్ అనే క్రైస్తవ గురువు 1910 ప్రాంతంలో మన పుట్ట తేనెటీగ కొలతలకు తగినట్లు దీన్ని రూపొందించాడు. ఆయన స్వయంగా ఎందరికో పెంపకం నేర్పాడు. దక్షిణాదిన పెరటి పెంపకం ఈ చిన్నపెట్టె మీదనే నడిచింది. అడుగు పలక, దానిమీద ఏడు చట్రాల పిల్లల గది, ఆపైన సగం లోతున్న తేనె గది, లోమూత, పైకప్పు, ఇంతే దాని నిర్మాణం. రాణి కింద గుడ్లు పెడుతుంది, పై గదిలో తేనె చేరుతుంది. మనం పై గది జోలికి తప్ప కింద గది తేనె జోలికి పోకూడదు. అది వాటి వానాకాలపు గాదె.

పాత పెట్టెను మా వడ్రంగికి ఇచ్చి, ఇలాగే మరొకటి చెయ్యమన్నాను. మా పెరటి పనసకొమ్మ కోయించిన చెక్క ఎండి సిద్ధంగా వుంది. ఆయన మంచి పనివాడు. గుమ్మాలు చేస్తే గుడిగుమ్మాల్లా వుంటాయి. పెట్టె నున్నగా, బిగువుగా వచ్చింది. కాని చట్రానికీ గోడకూ మధ్య సందు అరంగుళం దాకా వదిలాడు. చట్రాలు సులువుగా పైకి రావాలని.

“సందు ఎక్కువైందయ్యా” అన్నాను.

“గోరంత తేడాకి కొంప మునిగిపోద్దేటండీ మేష్టారూ!”

ఆ గోరంతలోనే అసలు రహస్యమంతా వుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు 1851లో దాన్ని పట్టుకున్నాడు. అంతకుముందు పెట్టెల్లో పట్లు గోడకు అంటుకుపోయేవి. తేనె కావాలంటే పట్టు కోసి, పిల్లల్ని చంపి, పిండుకోవలసిందే. సందు మరీ ఇరుకైతే ఈగలు బంకతో పూడుస్తాయి, వెడల్పైతే అక్కడ అదనపు పట్టు కడతాయి, రెంటికీ మధ్య ఒక కొలత వుంది, ఆ సందును మాత్రం నడవగా వదిలేస్తాయి అని ఆయన గమనించాడు. ఐరోపా ఈగకు అది అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు. ఆ ఒక్క కొలతతో, కదిలే చట్రాల పెట్టె తయారైంది. 1852లో హక్కుపత్రం పొందాడు. ఆ తరవాత వచ్చిన చట్రాల పెట్టెలన్నీ, మన న్యూటన్ పెట్టెతో సహా, ఆ సందులోంచి పుట్టినవే. మన ఈగకు ఆ నడవ ఇంకా కాస్త తక్కువ, దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. మన ఈగ బంక వాడదు. వెడల్పు సందును మాత్రం ఊరికే వదలదు.

ఇదంతా వడ్రంగికి చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ ఊపు నాకు బాగా తెలుసు. మా విద్యార్థులు సమాసాలు చెప్పేటప్పుడు అలాగే ఊపుతారు. సరే, చూద్దామని నేనూ మెత్తబడ్డాను. వానలు వెళ్ళాక, నవంబరులో, దింపు తాత మరో పట్టు తెచ్చాడు. నెల తిరక్కుండా గోడకూ చట్రాలకూ మధ్య మైనపు వంతెనలు వేసేశాయి. చట్రం ఎత్తితే పట్టు చిరిగి తేనె కారింది, చీమలు వచ్చాయి. వడ్రంగిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు వంగి చూసి, ఏమీ మాట్లాడకుండా కొలబద్ద తీశాడు. రెండ్రోజుల్లో గోడలకు లోపల పలచటి చెక్క తొడిగి సందు సరిచేసి తెచ్చాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇప్పుడాయనే ఎవరైనా తేనెపెట్టె చెయ్యమంటే, “ఎనిమిది మిల్లీమీటర్లండి, తొమ్మిదైతే నేను చెయ్యను” అంటున్నాడు.

పట్టును తొర్రలోంచి పెట్టెలోకి మార్చడం చూడవలసిన పని. సాయంత్రం పూట, కొంచెం పొగ వేసి, పట్లను ఒక్కొక్కటే కోసి, పైకొస ఎటుందో అటే వుండేట్టు చట్రంలో నిలబెట్టి అరటినారతో కడతారు. నాలుగైదు రోజుల్లో ఈగలు పట్టును చట్రానికి అతికించుకుంటాయి. ఆ నార కూడా అవే కొరికి బయట పారేస్తాయి. రాణి దొరికితే సగం పని అయినట్టే. మూడు నాలుగు రోజులు గుమ్మానికి రాణి తలుపు పెట్టాలి. పనిఈగలు దూరగలవు, ఒళ్ళు పెద్దది కనక రాణి దూరలేదు. చక్కెర, నీళ్ళు సమంగా కలిపిన పాకం రాత్రిపూట లోపల పెడితే ఇల్లు నచ్చినట్టే. పీట కాళ్ళకింద నీళ్ళ చిప్పలు మరవకండి. కోనసీమ చీమలు మామూలు చీమలు కావు.

మా చిన్నమ్మాయిని ఒకసారి కుట్టింది. ముల్లు అక్కడే వుండి విషం దింపుతూ వుంటుంది కనక క్షణం ఆలస్యం చెయ్యకుండా గోటితో గీకెయ్యాలి. వాపు సంగతి భయపడనక్కరలేదు గాని, ఒళ్ళంతా దద్దురులు లేచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంట్లో ఎవరికైనా అటువంటి తత్వముంటే పెట్టె ఆలోచన మానుకోవడం మంచిది. తేనె అంగట్లో దొరుకుతుంది.

ఇక తక్కిన పెట్టెల సంగతి. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ‘ఎ’ రకం, ‘బి’ రకం అని రెండున్నాయి. ‘ఎ’ రకం చట్రం న్యూటన్ చట్రానికి దగ్గర చుట్టం. ‘బి’ రకం పెద్దది. ఏది తీసుకున్నా, రెండో పెట్టె కూడా అదే కొలతది తీసుకోండి. ఒక పెట్టె చట్రం మరోదాంట్లో పట్టకపోతే, బలహీనమైన పట్టుకు బలమైనదాని నుంచి చట్రం అరువివ్వడానికి వుండదు. అడ్డకర్రల పెట్టె అని మరొకటి వుంది. కెనడా పరిశోధకులు కెన్యా రైతుల కోసం రూపొందించింది. చట్రాలుండవు, పైన కర్రలు మాత్రం వరసగా పేరిస్తే ఈగలు వాటికింద పట్టు కట్టుకుంటాయి. మన ఈగకైతే కర్ర వెడల్పు ఐరోపా ఈగకు వాడేదానికంటె కాస్త తక్కువ వుండాలి. చవక, వడ్రంగి పనితనం అక్కరలేదు. కాని ఎండాకాలం లేతపట్టు చేతిలో విరిగిపోతుంది, తేనె యంత్రంలో తిప్పడానికి వీలుండదు. పిల్లలకు చూపించడానికి మంచిది, నాలాంటి చేతులకు కాదు. కుండల్లో, దుంగల్లో పెంచే పాతపద్ధతి గురించి పెద్దలు ముచ్చటగా చెబుతారు. నాకు మాత్రం పిల్లల్ని పిండి తీసిన తేనె గొంతు దిగదు.

ఐరోపా ఈగే కావాలనుకునేవారికి ఒక్కమాట. దానివల్ల ఏడాదికి పాతిక ముప్పై కిలోల తేనె రావచ్చు. మన ఈగ ఇచ్చేది అయిదు నుంచి పది కిలోలు. కాని ఆ పాతిక కిలోలకూ పెట్టెలు లారీలకెత్తి పొద్దుతిరుగుడు ఎక్కడ పూస్తే అక్కడికి పోవాలి. వరోవా అనే గోమారి వంటి పురుగు దాన్ని పీడిస్తుంది. మన ఈగ ఆ పురుగును ఒంటిమీద నుంచి దులిపి పారెయ్యగలదు, అది పాతపగ. వ్యాపారానికి అది, పెరటికి ఇది. దిగేముందు ఏలూరు దగ్గర విజయరాయి వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోటుకు వెళ్ళి రెండు రకాలూ కళ్ళారా చూసి రండి. నేను కొన్న తరవాత వెళ్ళాను.

2023 ఏప్రిల్‌లో పై గది నిండింది. అరలు ముప్పాతిక మైనపు మూతలు పడ్డాక తీశాం. మూడు సీసాలు వచ్చింది. లేత బంగారు రంగు, నాలుక చివర మునగపువ్వు వాసన. మొదటి సీసా దింపు తాతకు, రెండోది వడ్రంగికి వెళ్ళింది. మూడోది మా ఆవిడ అలమారలో పెట్టి తాళం వేసింది.

ఈ ఏడు రెండో పెట్టె చేయించాను, ఎనిమిది మిల్లీమీటర్లకే. దాన్ని మునగచెట్టు నీడన పెడదామని పీట వేయిస్తుంటే అమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. “అక్కడ కాదు, నూతి పక్కన. తూర్పుముఖంగా. మీ నాన్నగారు అక్కడే పెట్టేవారు” అంది. అక్కడే పెట్టాం. సాయంత్రం నేను కళాశాల నుంచి వచ్చేసరికి నూతిపళ్ళెం మీద కూచుని, పసుపు రంగు పుప్పొడి కాళ్ళతో ఎన్ని లోపలికి వెళ్ళాయో లెక్కపెట్టి చెబుతుంది. పెద్ద పెట్టెలో మా ఆవిడ ఉల్లిపాయలు పోసింది. వాటికి గాలి బాగా తగులుతోందట.